బొమ్మ ఎవరిది? బహుమతి ఎవరిది?

పెళ్లినాడు తప్ప ఫొటో మొహం ఎరగని ఇళ్లలోకి సెల్‌ఫోను పుణ్యమా అని కెమేరా వచ్చి కూర్చుంది. వచ్చింది ఊరుకుంటుందా? పిల్లవాడు పక్కకి తిరిగితే ఒకటి, పిల్లి ఒళ్లు విరుచుకుంటే ఒకటి, ఆవకాయ జాడీకి ఎత్తితే ఒకటి. ఏడాది తిరిగేసరికి నాలుగు వేల ఫొటోలు! వాటిలో రెండోసారి తీరికగా చూసేవి నలభై ఉంటే గొప్ప. ఇట్లా పోగేసుకున్నవారిలో నూటికి ఒక్కరికి మాత్రం ఏదో ఒకనాడు, "వీటిలో మంచివి ఏరి పోటీకి పంపితే?" అనే ఆలోచన కలుగుతుంది. ఈ వారం ముచ్చట ఆ ఒక్కరి గురించి.

ఈ సరదా నిన్నటిది కాదు. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతిని లోకానికి ప్రకటించారు. పదిహేనేళ్లు గడిచేసరికి, 1854లో, బొంబాయిలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ వెలిసింది. మరి రెండు మూడేళ్లలో మద్రాసులోనూ కలకత్తాలోనూ వెలిశాయి. నిజాం ఆస్థానంలో రాజా బిరుదందుకున్న లాలా దీన్‌దయాళ్ సయితం మొదట ఇండోరులో పబ్లిక్ వర్క్సు శాఖ ఉద్యోగే. పగలు నక్షలు, తీరిక వేళ కెమేరా. ఆ తీరిక వేళ పనే ఆయన పేరు నిలబెట్టింది. 1950లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఫియాప్ అనే అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మూడేళ్లకి, 1953లో, మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ వచ్చింది. మన తెలుగువాళ్లలో బండి రాజన్‌బాబు ఇట్లాంటి దారుల వెంటే నడిచి, రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్పు సంపాదించారు. గిరిజనుల బతుకుని ఆయన తీసిన తీరు ఇప్పటికీ తలుచుకుంటారు. 2011లో కాలం చేశారు.

ఈ పోటీ ప్రదర్శనలను "సలాన్" అంటారు. ఫ్రెంచి మాట. మావైపు ఆ మాట వినిపిస్తే మంగలి షాపు గుర్తుకొస్తుంది తప్ప మరొకటి కాదు. "మీవాడి ఫొటో సెలూన్‌లో పెట్టారట" అంటే సంతోషించాలో, ఏ కత్తిరింపు నమూనా కిందో తగిలించారని బాధపడాలో తెలియక తండ్రి తికమక పడవలసిందే.

వెనకటి రోజుల్లో ఈ పోటీకి పంపడం అంటే ఒక యజ్ఞం. పెద్ద సైజు ప్రింటు వేయించాలి, అట్టల మధ్య బిగించి పార్సెలు కట్టాలి, తిరుగు తపాలా ఖర్చు కూడా జతచేయాలి. నెలల తరబడి దేశాలు తిరిగి వచ్చిన ఆ ప్రింటు వెనక ఒక్కొక్క సలాను వారి చీటీ అంటించి ఉండేది. పాత పోటీదారులు ముందువైపు బొమ్మకంటె వెనకవైపు చీటీలనే ఎక్కువ మురిపెంగా చూపించేవారు. ఇప్పుడా శ్రమ లేదు. ఒక్కొక్క విభాగానికి సాధారణంగా నాలుగు ఫొటోలు, చెప్పిన కొలతలకి కుదించి, ప్రవేశ రుసుముతో కంప్యూటరులోనే పంపేయవచ్చు. ముగ్గురు నిర్ణేతలు కూర్చుంటారు. తెరమీద బొమ్మ వస్తుంది, పేరు కనిపించదు. కొన్ని క్షణాలలో తలా ఒక మీట నొక్కుతారు. మార్కులు కలుపుతారు. అంతే. నాలుగు నెలలు ఎదురుచూసి తీసిన బొమ్మకి దక్కే విచారణ ఆ కొన్ని క్షణాలే. తగిన మార్కులు వస్తే "అంగీకారం", ఇంకా పైకి వెళితే పతకం. ఇన్ని దేశాలలో ఇన్ని అంగీకారాలు వస్తే పేరు చివర తగిలించుకోవడానికి ఒక బిరుదు.

రుసుము కట్టేముందు నిబంధనలు చదవడం మంచిది. మనవాళ్లకి పెళ్లిపత్రిక తప్ప మరేదీ పూర్తిగా చదివే అలవాటు లేదు కాబట్టి చెప్తున్నాను. ప్రకృతి విభాగం ఉందనుకోండి. లోకమంతా తెలిసిన ఒంగోలు గిత్తని, మూపురం మీద సాయంకాలపు ఎండ పడుతుండగా, ఎంతో అందంగా తీసి ఆ విభాగానికి పంపారంటే చూడకుండా తోసేస్తారు. ఎంచేతనంటే పెంపుడు జంతువు ప్రకృతి కిందికి రాదు. పూత మీదున్న కందిచేనూ రాదు, అది మనిషి వేసిన పైరు. నల్లమలలో తిరిగే దుప్పి వస్తుంది, కంభం చెరువు మీద వాలిన కొంగ వస్తుంది. ఆ కొంగ వెనకనున్న కరెంటు స్తంభాన్ని కంప్యూటరులో చెరిపేశారో, మళ్లీ రాదు. ఉన్నదానికి చేర్చకూడదు, ఉన్నది తీసేయకూడదు.

జంతువుల విషయంలో ఇంత పట్టింపు ఉన్న ఈ లోకం మనుషుల విషయంలో మాత్రం కాస్త చూసీచూడనట్టు పోతుంది. నా బాధ అక్కడ.

పొదిలికీ మార్కాపురానికీ మధ్య కొనకనమిట్ల ఉంది. బోర్లు ఎంత లోతుకి దించినా నీటికి హామీ లేని నేల. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిన తరం అక్కడ ఉంది. ఆ ఊరి కుర్రవాడు ఒకడు నా దగ్గర డిగ్రీ చదివాడు. కన్ను మంచిది. రెండేళ్ల కిందట వేసవిలో పోటీకి పంపుతానంటూ ఫోను నా చేతికిచ్చాడు. ఎండిన చెరువు, నెర్రెలు విచ్చిన నేల, దూరంగా ఒంటి తుమ్మచెట్టు. నడుము వంగిన అవ్వ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. నీడ ఆమెకంటె పొడుగ్గా ముందుకి పడింది. దానికి "దాహం" అని పేరు కూడా పెట్టి ఉంచాడు.

"ఎట్లుంది సార్?"

"బ్రహ్మాండంగా ఉందయ్యా. ఎవరీ అవ్వ?"

"మా అవ్వే సార్."

"పాపం, నీళ్లకి అంతదూరం పోతుందా?"

వాడు నేలచూపులు చూశాడు. "లేదు సార్. ట్యాంకరు మా బజారుకే వస్తది. ఖాళీ బిందెలే. నాలుగుసార్లు నడిపించినా."

"అవ్వ ఏమీ అనలేదూ?"

"అనింది సార్. 'ఖాళీ బిందెతో ఎండలో తిప్పుతాండావు, ఎవరికన్నా ఎదురొస్తే తిట్టరంట్రా అబ్బయ్యా? నీళ్లు నిన్ననే వచ్చినాయి గదా' అనింది."

ఖాళీ బిందె ఎదురైతే పని చెడుతుందని మనవాళ్ల నమ్మకం కద్దు. మనవడి ముచ్చట కోసం ఆ ముసలమ్మ ఊరివాళ్లకి తాను అపశకునం అవుతానేమోనన్న బెంగతోనే నాలుగుసార్లు నడిచింది. ఆ సంగతి బొమ్మలో లేదు. బొమ్మలో ఉన్నదల్లా దాహం.

కరువు అబద్ధమా? కాదు. మావైపు కరువుని ఎవరూ కల్పించనక్కరలేదు. ఇంకా చూపించవయ్యా అంటే వాడి ఫోనులోనే మరొక బొమ్మ కనిపించింది. ట్యాంకరు రాకముందు బజారులో బిందెల బారు. పచ్చవి, నీలివి, ఎర్రవి, ఒక్కొక్కదాని మీద రంగుతో ఇంటి గుర్తు. మనుషులు ఒక్కరూ లేరు. అందరూ వేపచెట్టు కింద నీడన కూర్చుని తమ తరఫున బిందెలను ఎండలో నిలబెట్టారు. ఒక బిందె స్థానంలో మాత్రం ఎవరో రాయి పెట్టి వెళ్లారు. ఎవరూ ఎవరికీ చెప్పి చేయించని పని అది. కొనకనమిట్లలో వేసవి ఎట్లా గడుస్తుందో తెలుసుకోగోరే వాడికి "దాహం" కంటె ఇదే ఎక్కువ చెప్తుంది. నా మాట అదే అన్నాను.

వాడు ఆ బిందెలనే పంపాడు. అంగీకారం రాలేదు. అవ్వ బొమ్మ పంపి ఉంటే పతకమే వచ్చేదేమో! వాడు నన్ను నిష్ఠూరమాడలేదు గాని, ఆడినా కాదనను.

ఇదేదో పిల్లవాడి సరదాకి పెద్ద విచారణ పెట్టానని అనుకోకండి. ఈ నేలమీద ఈ పని చేసినవాళ్లు వెనకటికే ఉన్నారు. 1876–78 నాటి ధాతు కరువులో మద్రాసు రాజధానిలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అప్పుడు మార్కాపురం, కంభం ఆ జిల్లాలోనివే. ఆ రోజుల్లో విలోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు అశ్వికదళపు దొర ఉండేవాడు. కెమేరా ఆయన ఉద్యోగం కాదు, వ్యసనం. ఎముకల గూళ్లయిన మనుషులను, తల్లులను, బిడ్డలను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, గుంపులు గుంపులుగా ఫొటోలు తీశాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. చూడడానికి గుండె చాలదు. ఆనాటి కరువుకి సాక్ష్యం అవే అన్నమాట నిజమే. కాని వాళ్ల తలలు ఎటు తిప్పాలో, చేతులు ఎక్కడ పెట్టాలో ఒకరు చెప్తుంటే ఆ ఆకలి మనుషులు విన్నారన్న సంగతి కూడా ఆ బొమ్మలే చెప్తాయి. అదే హూపర్ తర్వాత మాండలేలో ఉన్నప్పుడు, కాల్పులకి నిలబెట్టిన బర్మా ఖైదీల ముందు సరిగ్గా ఆ క్షణం కోసం కెమేరా సిద్ధం చేసుకున్నాడన్న ఆరోపణ మీద 1886లో పెద్ద అల్లరి జరిగి విచారణ దాకా వెళ్లింది. అవ్వని నడిపించిన మనవడికీ ఈ దొరకీ పోలికేమిటి అంటారా? పోలిక లేదు. దారి మాత్రం ఒక్కటే, ఆ చివర ఆయన, ఈ మొదట్లో మనం.

మనకాలపు మాట చూడండి. 2019లో దుబాయిలో హమ్దాన్ అంతర్జాతీయ పోటీ పెద్ద బహుమతి, అక్షరాలా లక్షా ఇరవై వేల డాలర్లు, ఒక మలేషియా ఫొటోగ్రాఫరుకి వచ్చింది. వియత్నాంలో ఒక పేదతల్లి, ఇద్దరు బిడ్డలు. ఆ ఏడు పోటీ అంశం "ఆశ". కొద్దిరోజులకే ఇంకొక ఫొటో బయటికి వచ్చింది: అదే తల్లి, అదే బిడ్డలు, చుట్టూ గుమిగూడిన కెమేరాలు! నేను కూర్చోబెట్టి తీయలేదని ఆయన అన్నాడు, బహుమతీ ఆయనకే ఉండిపోయింది. ఆ సొమ్ములో తల్లి వాటా ఎంత అనే ప్రశ్న పోటీ నిబంధనలలో ఉండదు.

తోడేలు విషయమైతే వేరు. 2009లో బ్రిటన్ వన్యప్రాణి ఫొటో పోటీలో, దడి మీదుగా దూకుతున్న తోడేలు బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉంటుందని తేల్చి, 2010 మొదట్లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మను, సోనీ పోటీలో గెలిచిన తన బొమ్మ కెమేరాతో తీసింది కాదు, కృత్రిమ మేధ కల్పించినదని తానే చెప్పి బహుమతి నిరాకరించాడు. అందుమీదట చాలా పోటీలు గెలవబోయేవారిని అసలు ఫైలు చూపించమంటున్నాయి. చూపించాలి కూడా. కాని అసలు ఫైలులో ఖాళీ బిందె నిండుబిందెలాగే ఉంటుంది గదా! అది తెలిసింది తీసినవాడికీ, మోసిన అవ్వకీ.

పోటీలకి పంపవద్దనా నా తాత్పర్యం? ఎంతమాత్రం కాదు. నాలుగు వేలలోంచి నాలుగు ఏరడమే పెద్ద చదువు. ఆ చదువు ఇంకెట్లానూ రాదు. రఘు రాయ్ కథ వినే ఉంటారు. ఇంజనీరు చదువు చదివిన కుర్రవాడు, 1960ల్లో అన్నగారు ఎస్. పాల్ దగ్గరున్నప్పుడు ఒక పల్లెకి వెళ్లాడు. పొలంలో గాడిదపిల్ల కనపడింది. వెంటపడితే అది పరుగు. చివరికి అలిసి, నిలబడి, కెమేరా కేసి చూసిందట. అన్నగారు ఆ బొమ్మని లండను టైమ్సు పత్రికకి పంపితే వాళ్లు అచ్చువేశారు. కరువు లేదు, కన్నీళ్లు లేవు, గాడిదపిల్ల! అట్లాంటి గాడిదపిల్లలు మన ఊళ్లలో ఎన్ని కెమేరాల ముందునుంచి చక్కాపోతున్నాయో.

మార్కాపురం పలకల పని కూడా అంతే. రేకుల కప్పు చిల్లులోంచి ఎండ గీత దిగి ఆ రాతిదుమ్ములో నిలబడితే ఎవరికైనా చెయ్యి కెమేరా మీదికి పోతుంది. ఆ దుమ్మే పీల్చినవాడి ఊపిరితిత్తులని తినేస్తుంది. తీయండి, తప్పులేదు. తీసేటప్పుడు ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉంటే, బొమ్మ బాగుండదని దాన్ని విప్పమనకండి. తర్వాత ఒక ప్రింటు వేయించి ఇచ్చి రండి. ఇరవయ్యో ముప్పయ్యో రూపాయల ఖర్చు.

మనుషుల జోలికి పోకుండా పోటీపడాలనుకునేవారికి రుసుము లేనిది ఒకటి ఉంది. వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అంటారు. 2010లో నెదర్లాండ్సులో మొదలైంది. సాధారణంగా సెప్టెంబరు నెలలో జరుగుతుంది. పాత కట్టడాల ఫొటోలు తీసి అందరూ వాడుకునేట్టు లోకానికి ఇచ్చేయడమే అందులో షరతు. 2012లో మన దేశం మొదటిసారి పాల్గొంటే, ఆ ఏడే ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సమాధి ఫొటోకి ప్రపంచంలో మొదటి స్థానం వచ్చింది. మనకి మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి ఉంది. గిద్దలూరు దాటి నల్లమలలోకి వెళితే పాత రైలు దారిలోని దొరబావి వంతెన ఉంది. భైరవకోనలో ఒకే కొండని తొలిచిన ఎనిమిది గుహలున్నాయి. పోటీకి ఏవి పనికివస్తాయో ఆ ఏటి జాబితా చూసుకుని బయల్దేరండి. భైరవకోన గుహలలో వెలుతురు తక్కువ, చేతితో పట్టుకుంటే బొమ్మ చెదురుతుంది. మూడుకాళ్ల స్టాండు తీసుకువెళ్లండి, పూజారిగారిని అడిగి మరీ పెట్టండి. ఆ ముందురోజుల్లో వాన పడి ఉంటే, పక్కనే జలపాతం కూడా దొరుకుతుంది.