వెంటిలేటర్ సరే, టేపు ఎక్కడ?

2021 వేసవిలో మన వాట్సాప్ గ్రూపులు గుర్తున్నాయా? ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపు, ఊరి గ్రూపు, అమెరికాలో ఉన్నోళ్ళ గ్రూపు... అన్నిట్లో ఒకటే గోల. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కొందాం, బైపాప్‌లు కొందాం, కుదిరితే వెంటిలేటరే కొనేద్దాం. తెనాలి వాళ్ళు తెనాలికి, బాపట్ల వాళ్ళు బాపట్లకి, రేపల్లె వాళ్ళు రేపల్లెకి. తలా ఇంత వేశారు, మంచిదే. ఆ మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని విన్నాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ప్రభుత్వానికీ అలాగే అనిపించింది. 2020లోనే పీఎం కేర్స్ నుంచి 50 వేల వెంటిలేటర్ల కోసం 2000 కోట్లు కేటాయించారు.

నా గొడవ ఆ డబ్బుల మీద కాదు. కోవిడ్ గోల అయిపోయాక కూడా మన బుర్రల్లో "ఊపిరితిత్తుల వైద్యం అంటే మెషిన్" అన్న ముద్ర చెరగకపోవటం మీద. గత పాతికేళ్ళలో ఆపరేషన్ పేషంట్ల మీదా, ఐసీయూ పేషంట్ల మీదా జరిగిన పెద్ద పరిశోధనలు తీసి చదవండి. ఫలితం చూపించిన వాటిలో చాలా వాటికి కొత్త మెషిన్ అక్కర్లేదు. కావలసినవి ఒక కొలత టేపు, నలుగురి చేతులు, రెండు దిళ్ళు, అరగంట మాటలు. మనం విరాళం ఇవ్వనివి కూడా సరిగ్గా అవే!

ఒక్కొక్కటే చెప్తా.

మొదటిది టేపు. జబ్బు ముదిరి ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, గాలి పీల్చుకోలేని స్థితిని ఏఆర్‌డీఎస్ అంటారు. అలాంటి వాళ్ళకి వెంటిలేటర్ ఒక్కో శ్వాసకి ఎంత గాలి పంపాలి? 2000 సంవత్సరంలో అమెరికాలో 861 మంది మీద చేసిన ట్రయల్ ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది. సగం మందికి అప్పటి అలవాటు ప్రకారం కేజీకి 12 మిల్లీలీటర్లు, మిగతా సగానికి 6. పన్నెండు పెట్టిన వాళ్ళలో 39.8 శాతం పోయారు, ఆరు పెట్టిన వాళ్ళలో 31 శాతం. తేడా అంత స్పష్టంగా కనపడేసరికి ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు. స్క్రీన్ మీద మార్చింది ఒక్క అంకె.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కేజీకి అన్నారు కదా, ఏ కేజీ? బరువు తూచే మిషన్ చూపించే కేజీ కాదు. ఎత్తుని బట్టి లెక్కగట్టే కేజీ. మనకి పొట్ట పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవు కదా! ఆ లెక్క ఇదీ: సెంటీమీటర్లలో ఎత్తులోంచి 152.4 తీసెయ్యండి, మిగిలినదాన్ని 0.91తో గుణించండి, మగవాళ్ళయితే 50, ఆడవాళ్ళయితే 45.5 కలపండి. ఐదో క్లాసు లెక్క.

ఇప్పుడు 170 సెంటీమీటర్ల మగమనిషికి వెంటిలేటర్ మీద గుండ్రంగా 500 మిల్లీలీటర్లు పెట్టారనుకోండి. ఆయన లెక్క బరువు 66 కేజీలు, అంటే కేజీకి ఏడున్నర. ఫర్వాలేదు. అదే 500ని 150 సెంటీమీటర్ల ఆవిడకి పెట్టండి. రేపల్లె బస్టాండులో నిలబడి చూస్తే మన అమ్మలు, అత్తలు చాలా మంది ఆ ఎత్తు వాళ్ళే. ఆవిడ లెక్క బరువు 43 కేజీల చిల్లర. అంటే కేజీకి పదకొండున్నర! ఇంచుమించు 2000లో ఓడిపోయిన ఆ పన్నెండే. ఆవిడకి కేజీకి 6 చొప్పున రావలసింది 260.

మన భాషలో చెప్పాలంటే, ఎవరి సర్వర్ ఏంటో చూడకుండా అందరికీ ఒకే కాన్ఫిగరేషన్ పెట్టెయ్యటం అన్నమాట. అలా చేస్తే మన ఆఫీసులో మేనేజర్ ఊరుకుంటాడా? మరి మంచం మీద ఉన్న మనిషి ఎత్తు కొలిచారా అని ఎవరం ఎప్పుడైనా అడిగామా? లక్షలు పోసి వెంటిలేటర్ ఇచ్చాం గానీ, దాని పక్కన ఇరవై రూపాయల టేపు, గోడకి ఆ లెక్క పట్టిక ఉన్నాయో లేదో చూడలేదు.

ఇదేదో తెనాలి, బాపట్ల వాళ్ళ మీద నింద అనుకోకండి. 2016లో వచ్చిన లంగ్ సేఫ్ అనే అధ్యయనం 50 దేశాల్లో 459 ఐసీయూలు చూసింది. ఏఆర్‌డీఎస్ ఉన్న వాళ్ళలో డాక్టర్లు దాన్ని గుర్తుపట్టింది 60 శాతం మందిలోనే. గొప్ప గొప్ప దేశాల సంగతే అది. తెలియటం వేరు, చెయ్యటం వేరు. మధ్యలో ఉన్న ఆ గుంటని మెషిన్ పూడ్చదు.

రెండోది చేతులు. 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్న 466 మంది మీద ట్రయల్ జరిగింది. కొంతమందిని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టారు. 28 రోజుల్లో వెల్లకిలా ఉన్న వాళ్ళలో 32.8 శాతం పోతే, బోర్లా ఉన్న వాళ్ళలో 16 శాతం. సగానికి సగం! 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇళ్ళల్లో ఉన్న కోవిడ్ పేషంట్లని కూడా బోర్లా పడుకోమని బొమ్మలతో సహా చెప్పింది కదా, ఆ ఆలోచన ఇలాంటి పరిశోధనల్లోంచి వచ్చిందే. నోట్లో గొట్టం, ఒంటి నిండా లైన్లు ఉన్న మనిషిని తిప్పాలంటే శిక్షణ ఉన్న నలుగురైదుగురు కావాలి. లంగ్ సేఫ్ ప్రకారం తీవ్రమైన కేసుల్లో కూడా బోర్లా తిప్పింది 16 శాతం మందినే. రాత్రి డ్యూటీకి ఐసీయూ మొత్తానికీ ఒకే నర్సు ఉన్న చోట ఎవరు తిప్పుతారు చెప్పండి? నర్సు జీతానికి మనం చందా వేస్తామా? వెయ్యం. ఎందుకంటే నర్సు మీద "ఫలానా బ్యాచ్ వారి సౌజన్యంతో" అని స్టిక్కర్ అంటించలేం.

మూడోది దిళ్ళు, మాటలు. నాకు ఎక్కువ కడుపు మండేది ఇక్కడే.

పొట్ట పైభాగంలో ఆపరేషన్ అయ్యిందనుకోండి. మత్తులో ఉన్నప్పుడే ఊపిరితిత్తుల అడుగు భాగాలు కొంత ముడుచుకుపోతాయి. మెలకువ వచ్చాక నొప్పికి పేషంటు గట్టిగా ఊపిరి తీసుకోడు, దగ్గడు. కఫం లోపలే ఉండిపోతుంది. మూడో రోజుకి జ్వరం, ఆయాసం, నెమ్ము. పైగా చుట్టూ చేరిన మన వాళ్ళు "దగ్గమాకు, కుట్లు ఊడతాయి", "కదలమాకు" అని కాపలా కాస్తారు. చుట్టలు కాల్చిన పెద్దాయనలు, కట్టెల పొయ్యి పొగ మింగిన పెద్దావిడలు అయితే ఇక చెప్పక్కర్లేదు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళ ట్రయల్ ఒకటి వచ్చింది. పొట్ట పైభాగం ఆపరేషన్ చేయించుకోబోతున్న 441 మంది. అందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. సగం మందికి అదనంగా, ఆపరేషన్‌కి ముందే ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చుని మాట్లాడాడు. ఊపిరితిత్తులకి ఏమవుతుంది, మెలకువ రాగానే లోతుగా ఊపిరి ఎలా తీసుకోవాలి, ఎలా దగ్గాలి, గంట గంటకీ ఎందుకు చెయ్యాలి. అంతే. పుస్తకం మాత్రమే అందిన వాళ్ళలో 27 శాతం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. అరగంట మాటలు కూడా విన్న వాళ్ళలో 12 శాతం. అంటే ఏడుగురికి చెప్తే ఒకరికి గండం తప్పినట్టు. తెలుసుకోండి, తేడా తెచ్చింది కాగితం కాదు, ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషి.

మా మావయ్యకి ఈ మూడు ఊళ్ళలో ఒక దాంట్లో, పేరు ఎందుకులెండి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట ఆపరేషన్ అయ్యింది. బిల్లులో మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఉంది, ఊదటమో పీల్చటమో ఏదో చెయ్యాలి దాంతో. ఎలాగో ఎవరూ చెప్పలేదు. మూడో రోజు నెమ్ము, నాలుగో రోజు "గుంటూరు తీసుకెళ్ళండి", ఆ తర్వాత తొమ్మిది రోజులు ఐసీయూ. బతికాడు, రెండెకరాల కౌలు డబ్బులు పోయాయి. ఇంటికొచ్చాక సంచీ విప్పితే ఆ డబ్బా కవరు కూడా చించకుండా అలాగే ఉంది. విశేషం ఏంటంటే, పొట్ట ఆపరేషన్ల తర్వాత ఆ డబ్బా వల్ల సమస్యలు తగ్గుతాయనటానికి సరైన ఆధారం లేదని 2014లోనే కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆధారం లేని డబ్బాకి బిల్లు ఉంది. ఆధారం ఉన్న అరగంటకి బిల్లులో గడే లేదు!

ఇది చదివి కొందరు "అయితే ఏముంది, ఆస్ట్రేలియా పద్ధతి తెచ్చి పెట్టేస్తే సరి" అంటారు. అదీ సరిపోదు. పైవాడి కోడ్ కాపీ చేసి మన మెషిన్‌లో రన్ చేస్తే ఏమవుతుందో మనకి తెలియదా? 1999లో బార్సిలోనాలో 86 మంది వెంటిలేటర్ పేషంట్ల మీద చేసిన ట్రయల్‌లో తలవైపు 45 డిగ్రీలు ఎత్తి ఉంచితే నెమ్ము అనుమానించిన కేసులు 34 నుంచి 8 శాతానికి పడ్డాయి. అబ్బో అనుకున్నారు అందరూ. 2006లో నెదర్లాండ్స్ వాళ్ళు అదే చెయ్యబోతే, రోజంతా మంచాన్ని 45 డిగ్రీల్లో నిలపటమే వాళ్ళ వల్ల కాలేదు. బార్సిలోనాలో నడిచింది నెదర్లాండ్స్‌లోనే నడవకపోతే, బాపట్లలో ఏది నడుస్తుందో బాపట్లలోనే చూడాలి కదా.

మనకి మాత్రమే ఉన్న ఒక సంగతి చెప్తా. వాళ్ళ దగ్గర పేషంటు పక్కన రోజంతా ఎవరూ ఉండరు. మన దగ్గర భార్య, కొడుకు, తోడల్లుడు, పక్కింటాయన... క్యారేజీలతో సహా దిగుతారు. ఫిజియోథెరపిస్టు పేషంటుతో పాటు మంచం పక్కన ఉండే ఆ ఒక్కరికి కూడా తెలుగులో నేర్పితే? దిండు పొట్టకి అదుముకుని దగ్గించటం, గంట గంటకీ గుర్తు చెయ్యటం వాళ్ళ పనే అయితే? "దగ్గమాకు" అనే అత్తయ్యే "దగ్గు, దగ్గు" అంటే? ఎంత తేడా వస్తుంది? ఈ ప్రశ్న సిడ్నీలో పుట్టదు. మనమే అడగాలి, మనమే కొలవాలి.

కొలవటం బ్రహ్మవిద్య కాదు. ఆ ఆస్ట్రేలియా ట్రయల్‌లో వాడింది ఎనిమిది అంశాల చెక్‌లిస్టు. జ్వరం, ఆక్సిజన్ శాతం, ఎక్స్‌రే, కఫం లాంటివి. వాటిలో నాలుగు కనిపిస్తే సమస్య ఉన్నట్టు లెక్క. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళూ కలిస్తే కొన్ని వందల పేషంట్లు ఎంతలో పోగవుతారు? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక బాపట్ల, రేపల్లె ఒక జిల్లా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. కాగితం మీద విడిపోయినా సీరియస్ పేషంటు రూటు మాత్రం మారలేదు, 108 ఎక్కి గుంటూరే. అక్కడ 1946 నాటి మెడికల్ కాలేజీ ఉంది, ఇటు మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఎండీ అనస్థీషియా చదివే ప్రతి ఒక్కరూ తీసిస్ రాయాల్సిందే. తలా ఒక చిన్న తీసిస్ రాసి బీరువాలో పెట్టే బదులు, నలుగురు కలిసి ఈ మూడు ఊళ్ళలో ఒకే ప్రశ్న మీద పనిచేస్తే ఎవరు వద్దన్నారు?

"ట్రయల్" అనగానే ఉలిక్కిపడే వాళ్ళున్నారు, వాళ్ళ భయం ఉత్తది కాదు. 2011లో అప్పటి మన గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద మహిళలని హైదరాబాదు తీసుకెళ్ళి మందుల పరీక్షలు చేశారన్న వ్యవహారం పేపర్లకెక్కింది. 2010లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లల హెచ్‌పీవీ టీకా కార్యక్రమాన్ని మధ్యలో ఆపాల్సి వచ్చింది. పేదవాడి ఒంటి మీద చాటుగా చేసేది పరిశోధన కాదు, దోపిడీ. అందుకే ఎథిక్స్ కమిటీ ఉండాలి, తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, సీటీఆర్ఐలో ముందే నమోదు చెయ్యాలి. 2007 జులైలో మొదలైన ఆ రిజిస్ట్రీ మన దేశానిదే, నమోదు ఉచితం, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. చీకట్లో తప్పు జరిగిందని దీపమే వద్దంటే ఎలా? అసలు ఏ ఆధారం లేకుండా అందరికీ 500 పెట్టటం కూడా ప్రయోగమే. కాకపోతే సంతకం లేని ప్రయోగం, ఫలితం ఎవరూ రాసిపెట్టని ప్రయోగం.

సరే, మనమేం చెయ్యగలం అంటారా? ఈసారి ఊరి ఆసుపత్రికి ఏదైనా ఇద్దామని గ్రూపులో ఎవరైనా అనగానే మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ ఆపరేషన్‌కి ముందు పేషంటుతో కూర్చుని మాట్లాడే ఫిజియోథెరపిస్టు ఉన్నాడా? లేకపోతే రెండేళ్ళ జీతం మనం పెట్టుకోగలమా? ప్రతి వెంటిలేటర్ పక్కన టేపు, ఎత్తుకి ఎంత గాలో చెప్పే పట్టిక ఉన్నాయా? ఆపరేషన్ తర్వాత ఎంతమందికి నెమ్ము వచ్చిందో ఎవరైనా లెక్క రాస్తున్నారా? రాయకపోతే ఆ రిజిస్టర్‌ని చక్కటి చిన్న సాఫ్ట్‌వేర్‌గా చేసిపెట్టటం మనకి రెండు వారాంతాల పని. రోజూ ఎవరి బ్యాంకు కోసమో, ఎవరి షాపింగ్ సైటు కోసమో డాష్‌బోర్డులు చేస్తూనే ఉన్నాంగా!

ఈ మూడిట్లో దేని మీదా మన పేరు చెక్కించుకోవటానికి చోటుండదు. మన చందాల్లో ఇన్నాళ్ళూ వాటికి చోటు దొరకనిది కూడా అందుకేనేమో.