కొత్త చట్టాలు సరే, కానిస్టేబుళ్లకు శిక్షణ ఏదీ?

2024 జులై 1 నుంచి నేర చట్టాలు మారాయి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. ఇందుకు రాష్ట్రాలకు అయిదేళ్ల వరకు వ్యవధి ఇచ్చారు. ఈలోగా ఊళ్లోకి ముందు వచ్చేది కానిస్టేబులే. జనం అడుగుజాడలు తొక్కేయకుండా తాడు కట్టాల్సిందీ, నెత్తుటి గుడ్డను ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాల్సిందీ (ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు పాడవుతుంది) అతడే. సోదాను వీడియో తీసి, జాప్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి కూడా. ఒకటి రెండు రోజుల తరగతులతో అబ్బే పనులా ఇవి? ఆధారం చెడితే కోర్టులో కేసు నిలవదు, నష్టపోయేది బాధితుడే. శిక్షణ ముందుగా మారుమూల స్టేషన్లకే అందాలి. అన్నట్టు, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.