సరిహద్దు దాటే లారీకి ఎవరు జవాబుదారీ?

కేంద్ర రహదారి రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

2015 జూన్ 15న థింఫూలో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ దేశాల మోటారు వాహనాల ఒప్పందం మీద మన దేశం తరఫున సంతకం పెట్టింది మీరే. ఒక దేశంలో లోడు ఎత్తిన లారీయే మరో దేశంలో ఆ సరుకు దించి రావాలన్నది ఆ ఒప్పందం ఉద్దేశం. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ కాదంది. మిగతా మూడు దేశాలు ముందుకు సాగవచ్చని 2017లో భూటానే చెప్పింది. చర్చలు జరిగాయి, ప్రయోగాత్మకంగా కొన్ని బండ్లూ నడిచాయి. మా గుంటూరు మిర్చి టిక్కీలు మాత్రం పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటి, బంగ్లాదేశ్ వైపు బేనాపోల్ చేరాక ఇంకో బండిలోకి మారాల్సిందే.

ఆ సరిహద్దు దాటడానికి సగటున 138 గంటలు పడుతోందనీ, అందులో సరుకు బండి మార్చడానికే 28 గంటలు పోతున్నాయనీ ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క తేల్చింది. ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల్లోపే పని అయిపోతోందని కూడా చెప్పింది. అన్నాళ్లూ లారీ కదలకపోయినా కిస్తీ ఆగదు, డ్రైవరు బత్తా ఆగదు. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు తొలి పార్శిల్ రైలు 384 టన్నుల ఎండుమిర్చి తీసుకెళ్లింది. రైల్లో టన్నుకు రూ.4,608, రోడ్డు మీద రూ.7,000 అని రైల్వే శాఖే ప్రకటించింది. రైతుకూ వ్యాపారికీ మేలు జరిగితే సంతోషమే. లారీ బాడుగ అంత పెరగడంలో సరిహద్దు దగ్గరి ఈ ఆలస్యానికీ వాటా ఉంది కదా అన్నదే మా బాధ.

సరిహద్దు ఎప్పుడు తెరుచుకుంటుందో మూడు ప్రభుత్వాలు తేల్చుకోవాలి. తెరుచుకున్న రోజున ఎవరి లారీ వెళ్లాలన్నది మాత్రం మీ శాఖ చేతిలోని పని. దాని గురించే ఈ లేఖ.

మన దగ్గర పర్మిట్ బండికి ఇస్తారు. 2010 మే నుంచి ఒకే మొత్తం కట్టి దేశమంతా తిరిగే నేషనల్ పర్మిట్ వచ్చింది. మొదట ఏడాదికి రూ.15,000, తర్వాత రూ.16,500. అంతకు ముందు రాష్ట్రానికో డీడీ తీసిన మా తరానికి అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. అయితే ఆ పర్మిట్ చూసేది బండినే: వయసు పన్నెండేళ్లు దాటిందా, మల్టీ యాక్సిల్ అయితే పదిహేను దాటిందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉందా, ఇన్సూరెన్స్ ఉందా. బండి నడిపించే యజమాని ఎలాంటివాడు, డ్రైవరు చేత రోజుకు ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టిస్తున్నాడు, దూరాన గేర్‌బాక్సు పోతే బాగుచేయించే డబ్బుందా అని ఎక్కడా అడగరు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద బిల్టీ రాసే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నమోదు కావాలి. ఆ కంపెనీకి బాడుగకు బండి పెట్టే యజమాని మాత్రం సాధారణంగా ఆ నమోదు పరిధిలోకి రాడు.

యూరప్‌లో లైసెన్సు వ్యాపారికి ఇస్తారు. స్థిరమైన కార్యాలయం, మంచి నడవడి, ఆర్థిక స్తోమత, వృత్తి పరిజ్ఞానం ఉన్నాయో లేవో చూస్తారు. మొదటి లారీకి 9,000 యూరోలు, ఆపై ప్రతి లారీకి 5,000 యూరోల చొప్పున అందుబాటులో ఉన్నాయని చూపాలి. బ్రిటన్‌లో దేశం లోపల బాడుగకు తిప్పే లారీ అద్దం మీద నీలం బిళ్ల, సరిహద్దు దాటే లారీ మీద ఆకుపచ్చ బిళ్ల ఉంటాయి. బండిని సరిగా చూసుకోని, డ్రైవరుకు విశ్రాంతి ఇవ్వని యజమానిని ట్రాఫిక్ కమిషనర్ బహిరంగ విచారణకు పిలుస్తారు, లైసెన్సు రద్దు కూడా చేస్తారు. మన దగ్గర ప్రమాదం జరిగితే డ్రైవరు జైలుకు వెళ్తాడు. నిద్ర లేకుండా తోలించినవాడి పేరు చాలాసార్లు కాగితం మీదికే రాదు. ఇది అన్యాయం.

ఇది మనకు సంబంధం లేని పరాయి పద్ధతేమీ కాదు. సరిహద్దులు దాటే సరుకు రవాణా కోసం ఉన్న అంతర్జాతీయ కస్టమ్స్ ఒప్పందం, 2017లో మనం చేరిన టీఐఆర్ ఒప్పందమే, దాని కింద సరుకు తోలే సంస్థకు అనుభవం, ఆర్థిక బలం, నియమాల పరిజ్ఞానం ఉండాలనీ, కస్టమ్స్ నేరాల చరిత్ర ఉండకూడదనీ అంటోంది. అందుకే నేషనల్ పర్మిట్‌కు పైన, సరిహద్దు దాటేవారికి విడిగా అంతర్జాతీయ ఆపరేటర్ లైసెన్సు పెట్టమని కోరుతున్నాను.

కానీ మంత్రిగారూ, షరతులు పెద్ద కంపెనీల కొలతకు కుట్టించకండి. ఒకటి రెండు లారీలు ఫైనాన్స్‌లో కొని బతికేవాళ్లే మాలో ఎక్కువ. బ్యాంకులో లక్షలు నిల్వ చూపమంటే మేం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. ఓవర్‌డ్రాఫ్ట్‌ను కూడా స్తోమతగా లెక్కించండి. చిన్న యజమానులు సహకార సంఘంగా ఏర్పడి ఒకే లైసెన్సు తీసుకునే వీలు కల్పించండి. యూరప్ చట్టంలోనే ఒక మంచి దారి ఉంది: అర్హత పొందిన ఒక రవాణా మేనేజరు బయటి నుంచి నాలుగు సంస్థల దాకా, మొత్తం యాభై బండ్లకు మించకుండా, బాధ్యత తీసుకోవచ్చు. అలాంటి మేనేజరు ఒక్కడుంటే మా సంఘంలో ఎందరో నిలదొక్కుకుంటారు. ఆ అర్హత పరీక్ష తెలుగులోనూ ఉండాలి. బండి గురించి, దారి గురించి మావాళ్లకు తెలియనిది తక్కువ. పరీక్ష ఇంగ్లిషులోనే పెడితే ఆ తెలివి లెక్కలోకి రాదు.

లోపలే తిరిగేవాడినీ వదిలేయొద్దు. బ్రిటన్‌లో జాతీయ లైసెన్సు ఉన్నవాడు, తన బండి దేశం దాటనంతవరకు, విదేశానికి వెళ్లే ట్రెయిలర్‌ను రేవుదాకా లాక్కెళ్లవచ్చు. అలాగే గుంటూరు నుంచి పెట్రాపోల్ దాకా నేషనల్ పర్మిట్ బండి ట్రెయిలర్ తెస్తే, అక్కడి నుంచి అంతర్జాతీయ లైసెన్సుదారు అందుకుంటాడు. సరుకు దించే పని ఉండదు, ఇద్దరికీ బాడుగ దొరుకుతుంది. బయటి దేశం బండి మన దేశం లోపల లోకల్ లోడు ఎత్తకూడదన్న నియమాన్ని గట్టిగా అమలు చేయండి. మాకు అలాంటి కట్టుబాటు అలవాటే. నేషనల్ పర్మిట్ ఉన్నా పరాయి రాష్ట్రంలో ఒక ఊళ్లో ఎత్తి అదే రాష్ట్రంలో మరో ఊళ్లో దించకూడదు కదా.

పొరుగు దేశాలతో తుది పత్రాల మీద సంతకాలు కాకముందే ఈ లైసెన్సు నియమాల ముసాయిదాను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో విడుదల చేయించండి. ఢిల్లీ సమావేశాలకు పెద్ద సంస్థల ప్రతినిధులు విమానాల్లో వస్తారు. మీ అధికారులను ఒక్కసారి విజయవాడకో గుంటూరుకో పంపండి. లారీ యజమానులనూ డ్రైవర్లనూ కూర్చోబెట్టి, మేం చెప్పేది రాసుకుని వెళ్లమనండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక లారీ యజమాని