మైనం గిన్నె ఎవరు కడగాలి?

మా వంటింట్లో ఈ మధ్య తినడానికి పనికిరానిది ఒకటి తరచూ తయారవుతోంది. మైనం! మేముండేది కొలరాడోలో. ఇక్కడి ఏళ్లలో ట్రౌట్ చేపలు పట్టే సరదా చాలామందికి ఉంది, మావారికీ అంటుకుంది. ఈ పద్ధతిలో ఎరకి వానపామును గుచ్చరు. చిన్న కొక్కేనికి ఈకలు, కుందేలు బొచ్చు దారంతో చుట్టి, అచ్చం పురుగులా కనిపించే "ఫ్లై" కడతారు. చేప దాన్ని నిజం పురుగే అనుకుని పట్టుకుంటుంది. పట్టిన చేపను చాలామంది మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు.

ఇందులో మైనం పనేమిటంటే, నున్నటి దారానికి బొచ్చు అంటుకోదు. దారానికి కాస్త మైనం రాసి, దాని మీద బొచ్చు వేసి వేళ్లతో నులిమితే కరుచుకుంటుంది. పూర్వం పట్టుదారాలు వాడే రోజుల్లో మైనం తప్పనిసరి. ఇప్పుడు మైనం పట్టించిన దారాలే దొరుకుతున్నా, జారిపోయే బొచ్చుకి విడిగా రాసుకునేవాళ్లు ఉన్నారు.

ఇది మనకి కొత్తేమీ కాదు. స్టిక్కర్లు రాకముందు మన అమ్మమ్మలు నుదుట ముందు మైనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టుకునేవారు కదా! అక్కడ కుంకుమ నిలవాలి, ఇక్కడ బొచ్చు నిలవాలి. కిటుకు ఒకటే.

మా ఇంట్లో కుదిరిన పాళ్లు చెప్తాను. 60 గ్రాముల తేనెమైనం, 20 గ్రాముల రోజిన్, ఒక టీస్పూను ఆముదం. రోజిన్ అంటే పైన్ చెట్టు బంక నుంచి తీసే గట్టి పదార్థం, వయొలిన్ కమానుకి రాసేది. జిగురు దానివల్లే వస్తుంది. ఆముదం మెత్తదనం కోసం. చలికాలంలో మైనం రాయిలా గట్టిపడితే ఇంకో అర టీస్పూను పోసుకోవచ్చు. తేనెమైనం 62, 64 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కానీ, అంటుకునే గుణం ఉన్నది కనక గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. మరుగుతున్న నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. రోజిన్ పొడి కొట్టి వేసి, ఓపిగ్గా కలుపుతూ ఉంటే అందులో కలిసిపోతుంది. లిప్‌బామ్ ఖాళీ గొట్టాల్లో పోస్తే వాడుకోవడానికి సుఖం.

కొట్లో కొనుక్కుంటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకని కొందరు అడుగుతారు. నేను మాత్రం ఇంట్లో కాచుకోవడం వైపే. ఏది ఎంత వేస్తే ఏమవుతుందో చేతికి తెలుస్తుంది. ఆవకాయ కలిపేవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

నా పేచీ వేరే చోట ఉంది. మావారు మైనం కాస్తే చూడవచ్చిన స్నేహితులు "ఎంత ఓపికండీ, ఎంత కళండీ" అంటారు. అదే పొయ్యి మీద నేను ఒడియాల పిండి ఉడికిస్తే "మీకు ఖాళీ ఉంటుంది కదండీ" అంటారు. కొలతా అంతే, ఓపికా అంతే. ఒకటి హాబీ, ఇంకొకటి ఇంటి చాకిరీ ఎలా అయ్యాయి?

తమాషా ఏమిటంటే, ఈ ఫ్లైలు కట్టడంలో పేరు తెచ్చుకున్నవాళ్లలో ఆడవాళ్లు ఉన్నారు. మేరీ ఆర్విస్ మార్బరీ వెర్మాంట్‌లో తండ్రి కంపెనీలో ఫ్లైలు కట్టే విభాగాన్ని నడిపింది. అక్కడ కట్టేవాళ్లు ఆడవాళ్లే. ఆమె 1892లో ఫ్లైల మీద వేసిన పెద్ద పుస్తకాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. టోపీలు కుట్టే పని తెలిసిన కేరీ స్టీవెన్స్, కొక్కేన్ని చేత్తోనే పట్టుకుని ఫ్లైలు కట్టేది. 1924లో తను కట్టిన ఫ్లైతోనే మెయిన్ రాష్ట్రంలో మూడు కిలోల పైచిలుకు ట్రౌట్ పట్టింది. స్కాట్లాండ్‌లో మేగన్ బాయ్డ్ జీవితమంతా ఇదే పని చేసింది, తను మాత్రం చేపలు పట్టలేదు. 1971లో ప్రభుత్వం పతకం ఇస్తే, కుక్కని చూసుకునేవాళ్లు లేరని అందుకోవడానికి వెళ్లలేదట! వాళ్లకి ఇది కాలక్షేపం కాదు, బతుకుతెరువు. అందుకే ఒక పనికి హాబీ అన్న పేరు వచ్చినా, చాకిరీ అన్న పేరు వచ్చినా అది ఆ పనిలో ఉన్న గుణం కాదంటాను. చేసేవాళ్లను బట్టి మనం తగిలించేదే.

కాబట్టి సరదాలు మానమని నేను చెప్పను. మా ఇంట్లో మాత్రం రెండు నియమాలున్నాయి. మైనానికి గిన్నె, గరిటె వేరు. రోజిన్ పట్టిన గిన్నె సబ్బుకి లొంగదు, అందులో మళ్లీ పాలు కాచలేం. రెండోది, కాచినవాళ్లే శుభ్రం చెయ్యాలి. వేడి తగ్గకముందే కాగితంతో తుడిచెయ్యాలి, సింకులో పొయ్యకూడదు. పోస్తే గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది.

"అంతా అయిపోయింది, ఆ గిన్నె ఒక్కటే మిగిలింది" అనే మాట మనందరి ఇళ్లలో వినబడేదే. గిన్నె మిగిలిందంటే పని అయిపోలేదన్నమాట. పొగడ్తలు అందుకునే చేతులే గిన్నె కూడా తుడిస్తే, ఆ పనికి నేనూ కళ అనే పేరు పెడతాను. నా ఒడియాలకి కూడా అదే పేరు పెట్టమంటాను.