స్త్రీ పేర వచ్చు రాయితీ

పరిశ్రమలు స్థాపించువారికి ప్రభుత్వమిచ్చు రాయితీలలో స్త్రీలకు హెచ్చు భాగము గలదని మన సోదరీమణులు పెక్కురు వినియే యుందురు. ఆ హెచ్చు భాగము ఎవరి చేతికి, ఎప్పుడు వచ్చునో కూడ తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

దృష్టాంతమునకు, 2014లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన టీ-ఐడియా విధానమును చూడుడు. చిన్న పరిశ్రమ పెట్టినవారికి స్థిర పెట్టుబడిలో నూటికి 15 వంతులు, 20 లక్షల రూపాయలకు మించకుండ, సహాయధనముగా నిత్తుమనిరి. యజమాని స్త్రీయైనచో మరి 10 వంతులు, 10 లక్షలకు మించకుండ. వాడిన విద్యుత్తునకు యూనిట్టుకు ఒక రూపాయి చొప్పున అయిదేండ్లు తిరిగి చెల్లింతుమనిరి. ఊరగాయలు, అప్పడములు చేసి యమ్మదలచిన యొక గృహిణి షెడ్డునకును యంత్రములకును 10 లక్షలు వెచ్చించెననుకొందము. ఆ లెక్కను ఆమెకు రావలసినది రెండున్నర లక్షలు. చిన్న మొత్తము కాదు.

అయితే ఖర్చు ముందు తానే పెట్టుకొనవలెను. ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట దరఖాస్తు చేయవలెను. అది మంజూరు కావలెను. మంజూరైనంత మాత్రమున సొమ్ము రాదు. ఖజానానుండి విడుదల కావలెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటను ఈ విడుదలకై ఏండ్ల తరబడి కాచుకొన్న చిన్న పరిశ్రమలవారు కలరు. బ్యాంకు వడ్డీ మాత్రము నెలనెలకు పెరుగుచునే యుండును. రాయితీని నమ్ముకొని అప్పుచేయుట చేలోని వరిని చూచి ఎసరు పెట్టుట వంటిది.

ఇంతకంటె మమ్ము కలవరపెట్టు విషయము మరియొకటి గలదు. వ్యాపారము నడుపువాడు భర్తయో, అన్నయో, మరిదియో; కాగితములలో యజమానురాలు ఇంటి ఇల్లాలు. రాయితీ ఎక్కువ వచ్చునని చెప్పి సంతకము పెట్టింతురు. ఆమె అప్పుపత్రమును చదువదు, లెక్కల పుస్తకమును చూడదు. వ్యాపారము సాగినన్నాళ్లు ఆమెను అడుగువారు లేరు. చెడిననాడు బ్యాంకువారి నోటీసు ఆమె పేరనే వచ్చును. పుట్టింటివారు పసుపుకుంకుమలక్రింద ఇచ్చిన స్థలము తాకట్టులోనున్నచో అదియు పోవును. ఇంటివారిపై అనుమానము పుట్టించుట మా యభిమతము కాదు. కాని సంతకమునకు ముందు పత్రమును చదివించుకొని వినుట, చెక్కుపుస్తకము తన యధీనమున నుంచుకొనుట, నెలకొకసారి లెక్క చూచుట తప్పుగాదు. అట్లు చూపనొల్లనివారికి పేరు అరువిచ్చుట యెందులకు?

ఇక రాయితీతో తీరని కొఱతలు కొన్ని గలవు. పెరటిలో మొదలైన పని పెరిగినకొలది మూడు ఫేజుల కరెంటు, మురుగు పోవు కాలువ, లారీ వచ్చు దారి కావలెను. వీనిని ఒంటరి స్త్రీ సంపాదించుకొనుట దుర్లభము. 1993లో హైదరాబాదున స్త్రీలు కొందరు కె. రమాదేవిగారి నాయకత్వమున ఎలీప్ అను సంఘముగా నేర్పడి, గాజులరామారమున స్త్రీల పరిశ్రమలకై ప్రత్యేకముగా ఒక పారిశ్రామికవాడను నెలకొల్పిరి. దారియు, విద్యుత్తును అందరికిని ఒక్కచోట అమరుట అందలి మేలు. ఇట్టి వాడలు, పసిపిల్లలను చూచుకొను శిశుగృహముతోసహా, జిల్లాకొకటియైన నుండినచో వంతులు పెంచుటకంటె నెక్కువ యుపకారమని మా యభిప్రాయము.

విధానములు కొన్నియేండ్లకొకసారి మారుచుండును. నేడు అమలులోనున్నది జిల్లా పరిశ్రమల కేంద్రమున నడిగి తెలిసికొనుడు. దరఖాస్తునకు జతపరుపవలసిన పత్రములనుగూర్చి వచ్చు సంచికలో వ్రాయుదుము.