పేరు ఒక్కటే – విలువ ఎక్కడిది?

కంప్యూటర్ చదువులో మన హాస్టల్ విద్యార్థులు వెనుకబడుతున్నది తెలివి లేక కాదు. నిర్వచనాలు బట్టీపట్టి, వాటి వెనుక ఉన్న ప్రశ్న అడగకపోవడం వల్లనే అని మా అభిప్రాయం. "వేరియబుల్ బైండింగ్" అంటే పేరును విలువతో ముడివేయడం అని అందరం రాస్తాం, మార్కులు కూడా వస్తాయి. ఆ ముడి ఎక్కడ, ఎప్పుడు పడుతుంది? అసలు ప్రశ్న అది.

మన డోంగ్లినే తీసుకుందాం. 2015లో ఇక్కడివారు "మా జిల్లా" అంటే నిజామాబాద్. 2016 అక్టోబర్ 11 నుండి అదే మాటకు కామారెడ్డి అని అర్థం. "మా మండలం" అంటే మద్నూర్ అనేవాళ్లం. 2022లో డోంగ్లి మండలం ఏర్పడ్డాక అదీ మారింది. సరిహద్దు అవతల దెగ్లూరువారు "మా జిల్లా" అంటే నాందేడ్. మాట ఒక్కటే, పలికిన చోటు, కాలం వేరు.

స్ట్రింగ్‌గా రాసిన కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. కోట్స్ మధ్య ఉన్నంతసేపు అది వట్టి అక్షరాలే. "ఎవాల్"కు ఇచ్చినప్పుడే అందులోని పేర్లకు విలువలు వెతకడం మొదలవుతుంది. జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాం మొత్తానికి మార్కులు = 60, ఒక ఫంక్షన్ లోపల మార్కులు = 80 అనుకుందాం. ఆ ఫంక్షన్‌లో "మార్కులు + 5" అనే స్ట్రింగ్‌ను నేరుగా ఎవాల్ చేస్తే 85 వస్తుంది. ఎవాల్‌కు వేరే పేరు పెట్టుకొని ఆ పేరుతో పిలిస్తే 65 వస్తుంది! 2009లో వచ్చిన ఆ భాష ఐదవ ప్రమాణంలోని నియమం ఇది. పైథాన్‌లోనైతే ఎవాల్‌కు మనమే ఒక డిక్షనరీ ఇచ్చి, ఏ పేరుకు ఏ విలువో ముందే చెప్పవచ్చు.

ఇది సరదా లెక్క కాదు. రెండు జవాబుల్లో ఏది వచ్చినా ఎర్రర్ కనిపించదు. మార్కుల మెమో తయారుచేసే ప్రోగ్రాంలో ఇలా జరిగితే నష్టపోయేది ఒక విద్యార్థి. పైగా బయటివారు టైపు చేసిన మాటను ఎవాల్ చేస్తే మన ప్రోగ్రాం తాళాలు వారి చేతికి ఇచ్చినట్లే. డిక్షనరీ ఇచ్చినా పైథాన్ తన సొంత ఫంక్షన్లను అందులో చేరుస్తుంది కాబట్టి అది రక్షణ కాదు.

అందుకే మేము చెప్పేది ఇది: స్ట్రింగ్‌తో కోడ్ కట్టడం వీలైనంత మానాలి. తప్పనిసరైతే పేర్లకు విలువలు మనమే స్పష్టంగా ఇవ్వాలి. బయటి మాటను ఎన్నడూ ఎవాల్ చేయరాదు.

తమ్ముళ్లారా, పై లెక్కను కాగితం మీద వేసి, జవాబు ముందుగా ఊహించండి. దానికి కంప్యూటర్ కూడా అక్కరలేదు. ఈ పేరు ఎక్కడిది అని అడగడం అలవాటైతే, ఏ భాష వచ్చినా మనకు భయం ఉండదు.