కానుగనూనెయు ట్రాక్టరును

మన సేద్యమున ఎద్దు వెనుకబడి ట్రాక్టరు ముందునకు వచ్చినది. ఎద్దునకు వలయు మేత మన పొలముననే పండెడిది. ట్రాక్టరునకు వలయు మేత సముద్రముల కావలినుండి రావలసియున్నది. దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతియే. ఎక్కడనో యుద్ధము రేగినచో ఇక్కడ దుక్కికూలి పెరుగుట కిదియే కారణము.

గింజల నూనెతో యంత్రము నడచుట వింత గాదు. 1900 సంవత్సరమున ప్యారిసు ప్రదర్శనమునందు ఒక చిన్న డీజిలు యంత్రము వేరుసెనగ నూనెతో నడచెను. 1942లో మనదేశపు శాస్త్రజ్ఞులే దేశీయతైలములను డీజిలు యంత్రములకు వాడు విషయమై పరిశోధించి ప్రకటించిరి.

అయినను గానుగనుండి వచ్చిన పచ్చినూనెను ట్రాక్టరులో పోయరాదు. అది డీజిలుకంటె సుమారు పదిరెట్లు చిక్కనిది. సన్నని తుంపరగా మారక, ఇంజెక్టరుల మొనలయందు మసిగట్టి యంత్రమును చెరచును. ఆల్కహాలును చేర్చి నూనెను పలుచన చేయు పద్ధతికి 1937లోనే బెల్జియమున శావాన్ అను పండితుడు పేటెంటు పొందెను. నేడు మిథనాలును, కొలదిగ క్షారమును చేర్చుచున్నారు. గ్లిసరిను అడుగునకు దిగి, బయోడీజిలు పైన నిలుచును. కానుగనూనెలో ఆమ్లము హెచ్చుగ నున్నచో ముందుగ దానిని తగ్గింపవలయును, లేనిచో సబ్బుగట్టును. మిథనాలు విషము, త్వరగా నంటుకొనునది. కావున ఇది పెరటిపని గాదు, శిక్షణ పొందినవారి పని. డీజిలులో ఎంతపాలు కలుపవచ్చునో యంత్రము చేసినవారి నడిగియే కలుపవలెను.

ప్రభుత్వపు ప్రయత్నము లెట్లు ముగిసెనో చూడుడు. 2003లో ప్రణాళికాసంఘపు కమిటీ జట్రోఫా యను అడవియాముదమును లక్షలాది హెక్టారులలో నాటింపుమనెను. 2009 నాటి విధానము 2017 నాటికి నూటికి 20 పాళ్ల మిశ్రమమును లక్ష్యముగ పెట్టెను. అది నెరవేరలేదు, 2018 నాటి విధానము 2030 నాటికి బయోడీజిలు 5 పాళ్లు చాలుననెను. బీడునగూడ విరివిగ కాచునన్న చెట్టు, నీరు ఎరువు లేనిచోట ఆశించినంత కాయలేదు. నష్టపడినది నాటిన రైతు.

కానుగకు వేరుగ పొలము నీయ నక్కరలేదు. గట్టులమీదను వాగుయొడ్డునను పెరుగును. ఆకు పచ్చిరొట్టయగును, పిండి ఎరువగును. అయిదారేండ్ల ఓపికమాత్రము కావలయును. ఆదిలాబాదు ప్రాంతపు పవర్‌గూడలో గిరిజనస్త్రీలు కానుగ నాటి నూనెమిల్లు నడిపిరి. ఆ నూనె వాడుకచే తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించెను. సొమ్ము స్వల్పమే; మిల్లు ఊరివారి చేతిలో నుండుట గొప్ప.

గింజను చవుకగ నమ్మి నూనెను ప్రియముగ కొనుట మనకు పాతవ్యాధి. ఊరూర సహకారపు గానుగయు, జిల్లా కొకటి నూనెను శుద్ధిచేసి పరీక్షించు కర్మాగారమును ఏర్పడినగాని అది కుదురదు. గట్టుచెట్లు దేశపు కొరత నంతయు తీర్పజాలవు. ఊరి దుక్కిలో కొంతపాలు తీర్చినను ఆ మేరకు రైతు స్వతంత్రుడగును. భూస్వాములు ఈ తొలకరికే గట్టులపై కానుగ నాటింతురుగాక! వరి పండు మడిని మాత్రము యంత్రమున కర్పింపకుందురుగాక!